చలి రాని ఏడు

"ఈ ఏడు కూడా చలి రాదేమోనండీ," అంది ఆమె, కిటికీ రెక్కల సందుల్లో పాత గుడ్డ పీలికలు కుక్కుతూ.

భర్త బూట్ల తాళ్లు ముడేసుకుంటున్నాడు. "రాకపోతే మంచిదేగా. దుప్పట్లు ఉతికే పని తప్పుతుంది."

"మీకన్నీ వేళాకోళమే. చలి రాకపోతే అది చావదు. అది చావకపోతే..."

మిగతాది నోటితో అనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఫోను మోగితే చావుకబురేనని వణికే మనిషి. అలాంటిది కన్నబిడ్డ ఊపిరి మాట ఎలా అనగలదు?

'అది' అంటే ఇంటి వెనక ఖాళీ స్థలం నిండా నడుమెత్తున పెరిగిన వయ్యారిభామ. పేరుకే భామ. ఎక్కడో పుట్టి, ధాన్యం బస్తాల్లో కలిసి వచ్చి, ఎవరూ పిలవకుండానే ఊరంతా కాపురం పెట్టిన కలుపు. పిండి చల్లినట్టుండే ఆ తెల్లపూల పుప్పొడే ఆరేళ్ల కూతురి ఆయాసానికి కారణమని డాక్టరమ్మ పరీక్షలు చేసి తేల్చింది. ఇదివరకు చలికి ఆ మొక్క మాడిపోయేది, పాపకు మూడు నెలలు తెరిపి దొరికేది. రెండేళ్లుగా చలీ లేదు, వానకు వేళాపాళా లేదు. పూత ఆగిందే లేదు.

చదివింది ఐదో తరగతే అయినా ఒక లెక్క మాత్రం ఆమెకు బాగా తెలిసింది. మొక్క లేకపోతే పువ్వు లేదు, పువ్వు లేకపోతే పిల్లికూతలు లేవు. అందుకే రోజూ తెల్లవారకముందే లేచి, చేతులకు గుడ్డలు చుట్టుకుని, వెనక స్థలంలోకి దిగేది. భర్త, పాప లేచేసరికి రెండు మోపులు పీకి, రొమ్ముకు అదిమిపట్టి తెచ్చి, గోడవార గోతిలో పడేసేది.

కలుపుమందు కొట్టడానికి వచ్చిన మునిసిపాలిటీ మనిషి ఒక రోజు ఆమెను చూసి ఆగాడు.

"పూత మీద పీక్కూడదమ్మా. మొలకప్పుడే పీకెయ్యాలి."

"మొలకెప్పుడు కనబడుతుంది నాయనా? ఎప్పుడు చూసినా పూతేనాయె."

"అదీ నిజమేలే. ఏడాదికి ఒక్కసారి కొడితే సరిపోయేది. ఇప్పుడు నాలుగోసారి. ఈ వేడికి నా మందు దానికి టానిక్కైపోయింది." అతను నవ్వాడు కానీ ముఖంలో నవ్వు లేదు. "మూతికి గుడ్డన్నా కట్టుకో."

"నాకేమవుతుంది? నా బిడ్డ బాగుంటే చాలు."

ఇంట్లోకి రాగానే ఆమె ముందు వెళ్లేది పాప మంచం దగ్గరికి. మొదట్లో తలుపు చప్పుడుకే పాప లేచి పరుగెత్తుకొచ్చేది. ఈ మధ్య రావడం మానేసింది, కళ్లు గట్టిగా మూసుకుని పడుకుంటోంది. నీరసం కాబోలని తల్లి ప్రాణం ఉసూరుమనేది. తనే ఎత్తుకుని, తల భుజాన వేసుకుని, వీపుకు చెవి ఆనించి ఊపిరి వినేది. మొదట ఏమీ వినిపించేది కాదు. దేవుడా చాలు అనుకునేలోపే సన్నగా పిల్లికూత మొదలయ్యేది.

"ఇవాళా వచ్చిందండీ," అనేది భర్తతో, ఏడుపు దిగమింగుకుంటూ.

"నువ్వు వెతుక్కుంటావు కాబట్టి వస్తుంది," అని విసుక్కునేవాడు అతను. కాసేపాగి మళ్లీ తనే, "మందు పీల్పించావా?" అని అడిగేవాడు.

మర్నాడు రెండు మోపులు మూడయ్యేవి. ఆ మర్నాడు నాలుగు.

ఐదు మోపులు పీకిన రోజున పాప పెదాలు నీలంగా మారాయి. ఆమె ఒంటిమీది బట్టలు మార్చుకోకుండానే పాపను భుజాన వేసుకుని వీధి చివరి దాకా పరుగెత్తింది. ఆటోలో ఉన్నంతసేపూ ఒక్క క్షణం ఒడిలోంచి దించలేదు. ఆసుపత్రిలో పాపను ఆమె చేతుల్లోంచి లాక్కుని లోపలికి తీసుకుపోయారు. ఆమె ఆ గడప దగ్గరే కూలబడింది.

రెండు రోజులకు పాప తేరుకుంది. భర్త తెచ్చిన ఉతికిన బట్టలు కట్టుకుని ఆమె ఆ రెండు రాత్రులూ పాప పక్కనే పడుకుంది. ఒక్క పిల్లికూత లేదు. ఆసుపత్రి గాలే మంచిదనుకుంది. ఇల్లు అమ్మేసి ఎటైనా పోదామా అని కూడా అడిగింది. భర్త ఈసారి వేళాకోళం చేయలేదు.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ ముగ్గురినీ గదిలోకి పిలిచింది.

"కిటికీలు తెరుస్తున్నారా?"

"లేదండీ. సందులు కూడా కుక్కేశాం," అన్నాడు భర్త.

"వెనక స్థలం?"

"సగానికి పైగా శుభ్రమైపోయింది."

"బడి దగ్గర?"

"గోడ చుట్టూ అదే మొక్కండీ," అంది తల్లి. "చిత్రమేమంటే, అక్కడ పాప బాగానే ఉంటుందట. ఇంట్లోనే ఇలా. నా ఇంట్లోనే."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఏదో దారిన లోపలికొస్తోంది. ఆ దారి దొరక్కపోతే నేనెన్ని మందులిచ్చినా వృథా. ఇంకోసారి ఇలా వస్తే..." పాపను చూసి ఆపేసింది. కుర్చీ ముందుకు జరుపుకుని, "నువ్వు చెప్పు తల్లీ. నీకు ఆయాసం ఎప్పుడు మొదలవుతుంది?" అంది.



"చెప్పమ్మా, భయం లేదు," అని తల్లి తల నిమిరింది. "పరుగెత్తినప్పుడా? పడుకున్నప్పుడా? నాకు చెప్పు. నీకోసం ఏం చేయమన్నా చేస్తాను, తెలుసుగా?"

పాప తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత ఆమె చేతులకేసి చూసింది. గుడ్డలు చుట్టినా ఆ చేతులు ఎర్రగా దద్దుర్లెక్కి ఉన్నాయి. కింది పెదవి పంటితో నొక్కిపట్టి తల దించుకుంది. తండ్రి ఏదో అనబోతే డాక్టరమ్మ చేత్తో వారించింది. చాలాసేపటికి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, పాప నోరు విప్పింది.

"అమ్మ ఎత్తుకున్నప్పుడు."