మొదటి రింగుకే

"ఈ కారులో ఎవరైనా పోయారా బాబూ?"

సునాగ చేతిలో తుడుపు గుడ్డ ఆగిపోయింది. ఏడు నెలలుగా ఆ నీలం స్పోర్ట్స్ కారు ముందు నిలబడ్డవాళ్ళు ధర అడిగారు, వేగం అడిగారు, అద్దం మీది అట్ట చదివి వెళ్ళిపోయారు. అట్ట మీద 'ప్రమాదం జరిగింది, బాగుచేయబడినది' అని ఉంది. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినామెకి అరవై దాటి ఉంటాయి. ఊదారంగు ఉన్ని టోపీ, చేతిలో గుడ్డసంచి.

పోయాడు. ఆకాగి కొండ దారి మలుపులో నడుపుతున్న కుర్రాడు పోయాడు. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయిందని, చేతిలో ఫోన్ అలాగే ఉందని, కారు మోసుకొచ్చిన లారీ డ్రైవరు సునాగకి చెప్పాడు. పాత కార్ల షాపు యజమాని కొగురే అప్పుడే హెచ్చరించాడు. "అట్ట మీద ఉన్నది చదువు. లేనిది నీకు తెలీదు." నిన్న ఇంకోమాట కూడా అన్నాడు. "నెలాఖరుకి ఇది కదలకపోతే నువ్వు కదలాలిరా."

"అబ్బే, ఎవరూ పోలేదమ్మగారూ. కారు ఎవరికోసం చూస్తున్నారు?"

"మా అబ్బాయి కోసం వచ్చాను. ఇరవై ఆరేళ్ళు. ఇలాంటి కారంటే పిచ్చి." ఆమె తలుపు మీద చెయ్యి పెట్టింది. "మనిషి పోయిన బండయితే నేను ముట్టను. నడిపినతనికి ఏమైంది మరి?"

"మోచేయి గీరుకుంది. తనే తలుపు తీసుకుని దిగాడు. దిగి, సిగరెట్ వెలిగించాడట."

"సిగరెట్టా?" ఆమె మొహం ముడుచుకుంది.

బేరం జారిపోతోందనుకున్నాడు సునాగ. "కాదు కాదు, కాఫీ. రోడ్డు పక్క మిషన్‌లో కాఫీ డబ్బా కొనుక్కుని తాగాడు."

"తీపిదా?"

"తీపిదే."

ఆమె మొహం తేటపడింది. తలుపు తీయించుకుని పక్కసీట్లో కూర్చుంది. సునాగ డ్రైవరు సీట్లోకి దూరి ఇంజను వేశాడు. ఆ గుర్రుమనే చప్పుడుకి ముసలివాళ్ళు చెవులు మూసుకుంటారు. ఈమె కళ్ళు మూసుకుంది.

"వీధి చివర ఉండగానే వినిపిస్తుంది కదూ ఇది," అంది.

"పక్క వీధికీ వినిపిస్తుంది. మీ ఇరుగుపొరుగు తిట్టుకుంటారేమో చూసుకోండి."

"తిట్టుకోనీలెండి." మళ్ళీ అడిగింది. "దిగాక ఎవరికైనా ఫోన్ చేశాడా?"

సునాగకి లారీ డ్రైవరు మాట గుర్తొచ్చింది. అయినా నోరు ఆగలేదు.

"వాళ్ళమ్మకి చేశాడు. ఇంకెవరికి చేస్తారు?"

"ఎత్తిందా?"

"మొదటి రింగుకే ఎత్తింది."

ఆమె అటువైపు కిటికీ అద్దం వైపు తిరిగింది. బయట కొండగాలికి షాపు జెండాలు టపటపమంటున్నాయి. ఆమె టోపీ సర్దుకుంది. అప్పటికే సరిగ్గా ఉన్న టోపీని మళ్ళీ సర్దుకుంది.

"ఏమన్నాడట?"

"'అమ్మా, కారు పాడైంది. నేను బాగానే ఉన్నా. అన్నం ఉంచు, వచ్చేస్తున్నా' అన్నాడట."

"ఇంకోసారి చెప్పండి బాబూ. సరిగ్గా వినపడలేదు."

సునాగ ఇంజను ఆపి మళ్ళీ చెప్పాడు. ఈసారి తడబడలేదు. తనకే నిజంగా జరిగినట్టు అనిపించింది.

"ఇప్పుడెక్కడున్నాడో ఆ అబ్బాయి?"

"నాగనో ఊళ్ళో. పెళ్ళయింది. పాప కూడా."

"పాపా?" అని నవ్విందామె. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంత చెప్పాక చిన్న నిజం ఒకటి చెబితే పెద్దవన్నీ నిలబడతాయని సునాగకి అనిపించింది. "దాచడం దేనికి, ఒక లోటుంది. తాళంచెవి ఒకటే వచ్చింది. రెండోది లేదు. ఎక్కడ పోయిందో ఎవరికీ తెలీదు."

"ఇంత చిన్నదే దాచలేదంటే, మిగతాదంతా నిజమే అన్నమాట," అందామె.

సునాగ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "కాగితాలు తెమ్మంటారా?"

"వద్దులెండి." ఆమె మెల్లగా దిగింది. "నేను కొనను. కుర్రాళ్ళెవరికైనా ఇవ్వండి. మలుపుల్లో నెమ్మదిగా పొమ్మని చెప్పి ఇవ్వండి." గుడ్డసంచి అతని చేతిలో పెట్టింది. "సోయా మిసో ముద్ద పూసి కాల్చిన బన్నులు. వేడి ఉండగానే తినండి."

ఆపైన నమస్కారంగా నడుం మడిచి వంగింది. కారు కొన్నవాళ్ళు కూడా అంతసేపు వంగి ఉండటం సునాగ చూడలేదు. గాలికి ఎదురు నడుస్తూ బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయింది.

కొగురే గదిలోంచి బయటికొచ్చాడు. "ఇంతసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెప్పావు. ఏం మిగిలింది?"

"బన్నులు," అన్నాడు సునాగ.

"వాటినే ఇంటద్దె కింద కట్టుకో," అని కొగురే ఒకటి నోట్లో వేసుకుని లోపలికి పోయాడు.

సంచి అడుగున చేతిరుమాలు మూట తగిలింది. విప్పాడు. కొండగుడిలో ఇచ్చే ఎర్ర రక్ష, దారంతో కట్టి, దాని కింద నల్లటి తాళంచెవి. వాడకం లేక కొత్తదానిలా మెరుస్తోంది.

సునాగ బొటనవేలు తాళంచెవి మీది మీటకి ఆనింది. నొక్కాడు.

ఎదురుగా నీలం కారు రెండుసార్లు దీపాలు వెలిగించి ఆర్పింది.