టై కట్టిన ఫొటో

డిగ్రీ చదివే నా కొడుకు నర్సింలు మాదాపూర్ కోచింగులో ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అక్కడ మగపిల్లలందరికీ ఒకటే టై. మార్చి మార్చి కట్టి ఫొటోలు తీస్తారు. వాడు నవ్విన ఫొటో అదొక్కటే. అడిగి తెచ్చుకుందామని వెళ్లాను.

క్లాసులో సారు గోడ మీదున్న వాడి ఫొటోనే చూపిస్తున్నాడు.

"ఈ కుర్రాణ్ణి చూడండి! ఎన్ని ఇంటర్వ్యూలు తప్పినా రోజూ అద్దం ముందు నిలబడి 'ఐ కెన్' అన్నాడు. ఇవాళ ఆ కొత్త గుండ్రటి హైటెక్ బిల్డింగులో ఉద్యోగం! బిజీ అయిపోయి మమ్మల్నే మర్చిపోయాడు. చప్పట్లు కొట్టండి!"

అందరూ కొట్టారు. వెనక బెంచీలో ఒక పిల్ల కళ్లు తుడుచుకుని, "ఇగ నేను గూడ ఇడిశిపెట్ట" అంది.

సారు నన్ను చూశాడు. "ఎవర్ని చేర్పించాలమ్మా?"

"ఎవ్వర్ని లేదు సారూ. గా పిలగాని ఫొటో జర చూద్దామని వచ్చిన."

"చూడమ్మా. నీకూ కొడుకుంటే పంపు, ఇలాగే తయారుచేస్తా."

ఫొటో అడగకుండానే ఇంటికొచ్చాను.

కామెర్లతో వాడు పోయి నెలయింది. ఇంటికి తెస్తే ఆ నవ్వుకు దండ వేయాలి. అక్కడుంటే వాడికి నౌకరీ ఉంది.