కొండకు పోయిన ఇంజనీరు

“ఎ లైసెన్సంటే ఏమిటి? సి అంటే ఏమిటి?” కొత్త గుండు తడుముకుంటూ అడిగాడు పరీక్షాధికారి సుబ్రమణ్యం. విమానాల రిపేరు లైసెన్సు కోసం మౌఖిక పరీక్ష పెట్టడానికి మద్రాసు నుంచి వచ్చిన మనిషి, పనిలో పనిగా తెల్లవారకముందే తిరుమల ఎక్కి తలనీలాలిచ్చి దిగాడు. ఒకే సర్కారు జీపులో దేవుడి పనీ, సర్కారు పనీ, ఆ వరసలోనే.

“ఎ అంటే విమానం ఒళ్ళు సార్. రెక్కలు, తోక, చక్రాలు. సి అంటే ఇంజను. రేడియోకు వేరే, మీటర్లకు వేరే. ఏ లైసెన్సు ఉన్నవాడు ఆ పనికే సంతకం పెట్టాలి. లైసెన్సు లేనివాడు దేనికీ పెట్టకూడదు.” ధనంజయ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు.

అప్పజెప్పక ఏం చేస్తాడు? మద్రాసులో మూడేళ్ళ శిక్షణ, ఆపైన రెండుసార్లు తప్పిన ఘనత. ఈసారీ తప్పితే చిత్తూరులో నాయన కుప్పయ్య మామిడి మండీలో గంపలకు గడ్డి పరుచుకుంటూ కూర్చోవాలి. అదే అతని బెంగ. కుప్పయ్యకు మాత్రం అలాంటి బెంగలేవీ లేవు. ఇంటి ముందర అప్పుడే బోర్డు కొట్టించేశాడు: ‘కె. ధనంజయ, విమానాల ఇంజనీరు, ఎ, బి, సి, డి’. తన పరీక్ష ఒక్క ‘సి’కే అని కొడుకు మొత్తుకుంటే, “రేకు ఎడల్పుగా ఉండాది గదరా, ఖాళీగా యాల ఇడిసిపెట్టాల?” అన్నాడు.

రేణిగుంట దగ్గరి ఆ చిన్న విమానాశ్రయంలో, మే నెల ఎండకు ఉడికిపోతున్న గదిలో పరీక్ష సాగింది. ఇంజనులో ఆయిల్ ప్రెషర్ పడిపోతే కారణాలేమిటంటే ధనంజయ ఏడు చెప్పాడు. ఏడోది సుబ్రమణ్యానికే కొత్త. స్పార్క్ ప్లగ్గుల గురించి అడిగితే పుస్తకంలో పేజీ నంబరుతో సహా చెప్పాడు. ఇన్ని తెలిసినవాడు రెండుసార్లు ఎట్లా తప్పాడో ధనంజయకే తెలియదు, ఎప్పుడూ అడిగినవాళ్ళదే తప్పనుకున్నాడు.

సుబ్రమణ్యం రిజిస్టరు మూసేశాడు.

“పుస్తకం మింగేసినావు గదప్పా! యాడ మీది?”

“చిత్తూరు సార్.”

“మాది పుత్తూరు! ముందే సెప్పకూడదా?” అధికారి మొహం విప్పారింది. “కాఫీ తాగుతావా?”

ధనంజయ ప్రాణం లేచొచ్చింది. పుస్తకాలన్నీ ఒక ఎత్తు, పక్క ఊరివాడు కావడం ఒక ఎత్తు. ఈ చిన్న సంగతి ఆ మద్రాసులో మూడేళ్ళూ ఎవరూ నేర్పలేదు.

కాఫీ తాగుతూ సుబ్రమణ్యం కిటికీలోంచి చెయ్యి చూపించాడు. బయట ఎండలో ఒక బుల్లి విమానం నిలబడి ఉంది.

“అది ఒక మిల్లు ఓనరుది. సామి దర్శనానికొచ్చినాడు. ఇప్పుడు తిరిగి పోవాల. దాని ఇంజనీరు గూడా కొండకు పొయ్యి ఇంకా దిగలేదు. క్యూలో ఇరుక్కోనుంటాడు.” సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. “రెక్కలు చూసినాను, బాగుండాయి అని ఈడొక సంతకం కావాల. నేను పెడదామంటే నాకా లైసెన్సు లేదు. నువ్వు పెట్టెయ్.”

“నేనా సార్?” ధనంజయ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “నాకింకా లైసెన్సు చేతికి రాలేదు.”

“వచ్చినట్టే గదప్పా. రాసేది నేనే గదా?”

“అదీగాక ఇది రెక్కల కాగితం. నాది సి, ఇంజను.”

“మా పుత్తూరులో కాలిరిగితే కట్టు కట్టేవాడే చెయ్యిరిగినా కడతాడు. దానికొకటి దీనికొకటి అని ఎవురైనా లైసెన్సు అడిగినారా? ఎముక అతుక్కోకుండా పొయిందా?” సుబ్రమణ్యం కాగితాన్ని ముందుకు జరిపాడు. “ఓనరు కాళ్ళు కాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండాడు. మన జిల్లావోళ్ళు ఒకరికొకరు ఈ మాత్రం చేసుకోకుంటే ఎట్ట? నీ ఇష్టం, బలవంతమేమీ లేదు.”

బలవంతమేమీ లేదన్న మాటకు ధనంజయ బెదిరిపోయాడు. ఇంత మంచి మనిషికి కోపం తెప్పిస్తే మండీలో గడ్డి ఎదురుచూస్తోంది. పైగా నిన్నగాక మొన్న ఇద్దరు పరీక్షాధికార్లు తప్పించారు, వాళ్ళలో ఒక్కరైనా కాఫీ ఇచ్చారా? అయినా బోర్డు మీద ‘ఎ’ కూడా ఉంది, నాయన ముందుచూపు అది.

“బయటికి పొయ్యి ఒకసారి చూసొస్తాను సార్,” అన్నాడు చివరికి, మాటవరసకు.

“ఎండ మండిపోతా ఉండాది. నీ ఇష్టం.”

విమానం కిటికీలోంచి బాగానే కనబడుతోంది. రెక్కలు రెండూ ఉన్నాయి. చాలనుకున్నాడు. మూడేళ్ళుగా నోటుపుస్తకాల అట్టల మీద సాధన చేసిన సంతకాన్ని, తోక మెలికతో సహా, నింపాదిగా పెట్టాడు. మొట్టమొదటిసారి ఇంజనీరైనందుకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

సుబ్రమణ్యం సంతకం మీది తడి సిరాను అద్దుడు కాగితంతో అద్దాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మూసిన రిజిస్టరును మళ్ళీ తెరిచాడు.

“ఇంక ఓనరుకు చెప్పొచ్చునా సార్, విమానం బయల్దేరొచ్చని?” ఉత్సాహంగా అడిగాడు ధనంజయ.

“ఏ ఓనరప్పా? ఆ కాగితమే నీ ఆఖరి ప్రశ్న.”