ఎడమవైపు కిటికీ

ఆ రైలు ఆట కంపెనీకి వచ్చే కొత్త దారుల ప్రతిపాదనలను మనుషులెవరూ చదవరు. యంత్రమే చదివి, యంత్రమే తిరగ్గొడుతుంది. కంప్యూటరులో రైళ్లు నడిపే ఆటగాళ్లందరూ నమ్మే మాట ఇది. ఆధారం చూపనిదే ఎవరి మాటా నమ్మని సుశీల్ కుమార్, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడు, దీన్ని మాత్రం ఏ ఆధారమూ అడగకుండా నమ్మాడు. రెండోసారి తిరస్కారం వచ్చిన పూట మరీ గట్టిగా నమ్మాడు.

“మళ్లీ కొట్టేసినారు,” అంటూ ఫోను పెంచలకృష్ణ చేతికిచ్చాడు. పెంచలకృష్ణ కావలి బజారులో ఫోటో స్టూడియో నడుపుతాడు. గిరాకీ లేనప్పుడు అదే ఆటలో రైలు నడుపుతాడు.

“ఏమంటాది సార్?”

“‘వివరాలన్నీ ఉన్నాయి. ఈ దారి మీకెందుకు కావాలో మాత్రం లేదు’ అంట. మొదటిసారేమో ‘దృశ్యాలు బాగున్నాయి, డ్రైవరుకు పనేముంది’ అనింది. రెండూ ముందే రాసిపెట్టుకున్న వాక్యాలే. అందరికీ అవే పంపిస్తాది.”

సుశీల్ కుమార్ ఆటలో చేర్చమని అడుగుతున్నది ఐర్లండు దారి. డబ్లిన్ నుంచి విక్లో దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే రైలు మార్గం. ఒకే దారిని ఎవరైనా మూడుసార్లకు మించి ప్రతిపాదించకూడదన్నది కంపెనీ నియమం. ఇక మిగిలింది ఒక్కసారి. అదీ పోతే ఆయనకు ఆ దారి మూసుకుపోయినట్టే.

“యంత్రానికి మన గోడు ఎందుకు సార్? అది మాటలు లెక్కపెడతాది. ఐర్లండు, సముద్రం, సొరంగం, ఈ మూడూ వరసకొకసారి వచ్చేట్టు రాయండి. పాసైపోతాది.”

ఇద్దరికీ అన్నం వడ్డిస్తున్న సుశీల్ కుమార్ భార్య అబిగయీలు గరిటె ఆపింది. “అదేందన్నా, జవాబు మర్యాదగానే ఉండాది గదా. యంత్రం అట్ట రాస్తాదా?”

“మర్యాద కూడా నేర్పించినారు దానికి,” అన్నాడు సుశీల్ కుమార్. “మెదడు ఒక్కటే పెట్టడం మరిచిపోయినారు.”

ఆ పూట పులుసులో చేపముక్కలు అతిథికి రెండు పడ్డాయి. భర్తకు ఆమె తోకతో సరిపెట్టింది.

అబిగయీలు ఇంగ్లీషు టీచరుగా పదవీ విరమణ చేశాక చెన్నైలోని కంపెనీ ఒకటి ఆమెకు ఇంటికే పని పంపుతోంది. వివరాలు బయట చెప్పకూడదని సంతకం చేసింది కనుక, అది బ్యాంకు పని అయి ఉంటుందని సుశీల్ కుమార్ తేల్చేశాడు.

మర్నాడు ఆయన మూడో ప్రతిపాదన మొదలుపెట్టాడు. “ఐర్లండులో పట్టాల మధ్య దూరం మన బ్రాడ్‌గేజి కంటే మూడంగుళాలు తక్కువ. మొదట అది పెడతా.”

“అది పోయినసారే రాసినారు గదా.”

“నీకెట్ట తెలుసు?”

“ఇంట్లో వేరే మాట ఎక్కడుండాది?”

ఆయన నవ్వి కలం కింద పెట్టాడు. “ఎవరూ చదవని దరఖాస్తు ఎట్ట రాయాలో మీ చర్చివాళ్లనే అడగాల.”

“చదివేవాళ్లు ఉండారనుకుని రాయండి. మేం చేసేది అదే.”

“ఉండారనేదానికి రుజువు?”

“అది తర్వాత. ఇంతకీ అంత దూరం దారి మీకెందుకు? నాక్కూడా చెప్పలేదే.”

సుశీల్ కుమార్ కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు.

“సర్వీసంతా కావలిలో రైలెక్కి నెల్లూరులో దిగినా. పోయేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చునేవాణ్ణి. కొడవలూరు దాటిందాకా వరి చేలు. వాటి అవతల సముద్రం ఉండాది. మ్యాపులో ఉండాది, సాయంకాలం గాలిలో ఉండాది. ఒక్కనాడు కూడా కనపడలా. రైల్లో కూర్చుని సముద్రం చూడాలని ఉన్నింది, అంతే. చిన్నపిల్లోడి కోరిక. రాస్తే నవ్వుతారు.”

“ఎవరు నవ్వేది? యంత్రం గదా.”

ఆ తర్కంలో లోపం ఆయనకు దొరకలేదు. సొరంగాల పొడవులు, వంతెనల కొలతలు పక్కకు నెట్టి, ఆమెకు చెప్పింది చెప్పినట్టే రాసి పంపాడు.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. పెంచలకృష్ణను పిలిపించి, సుశీల్ కుమార్ దాన్ని పైకి చదివాడు. “‘మీ దారిని మా బృందమంతా ఒప్పుకుంది. డబ్లిన్ నుంచి దక్షిణంగా నడపండి. సముద్రం మీకు ఎడమవైపే వస్తుంది.’”

చదివాక కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

“నేను చెప్పలా సార్?” అన్నాడు పెంచలకృష్ణ. “సముద్రమనే మాట మెండుగా పడుంటాది. దెబ్బకు యంత్రం లొంగింది.”

“అయినా ఆఖరి వాక్యం చూడు కృష్ణా, ఎంత చక్కగా కుదిరిందో. మనిషైతే ఇట్ట రాయలేడు.”

పక్కగదిలో పనికి కూర్చోబోతున్న అబిగయీలు గుమ్మంలో ఆగింది. “పోనీలెండి, ఇన్నాళ్లకు దాన్ని ఒక మంచి మాట అన్నారు,” అని తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ మూడు జవాబులూ రాసింది అబిగయీలే.