కోర్టు గోడ మీది గడియారం

దొంగతనానికి వచ్చి టిక్కెట్టు కొనడం గడియారాల మెకానిక్కుకి కాస్త నామోషీగానే ఉంది. కిటికీలోంచి టిక్కెట్టు చింపి ఇచ్చిన పెద్దావిడ మాత్రం "మళ్ళీ వచ్చావా నాయనా" అని ఆప్యాయంగా పలకరించింది.

రావడం ఇది మూడోసారి. ఆ చిన్న ఊళ్ళో పాత కట్టడాలు మూడే మూడు: జైలు, కోర్టు, సారా కొట్టు. సారా కొట్టు ఇప్పటికీ కిటకిటలాడుతోంది గనక దాన్నెవరూ చరిత్ర కింద జమకట్టరు. జైలుకి పైకప్పు లేదు. ఇక మిగిలింది, ఇప్పుడు టిక్కెట్టు పెట్టి చూపిస్తున్న ఈ పాత కోర్టు. అందులో జడ్జిగారి కుర్చీ వెనక, గోడకి, నూట యాభై ఏళ్ళ నాటి పెండ్యులం గడియారం. పాత వస్తువుల పిచ్చి ఉన్న ఒక పెద్దమనిషి దాన్ని తెస్తే కొంటానన్నాడు. ఆ బేరం కుదిరితే తప్ప మెకానిక్కు దుకాణం నిలబడదు.

మొదటిసారి వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. రెండోసారి కొలతలు. అప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది సాక్షాత్తూ అక్కడి గైడే. టిక్కెట్లావిడ భర్త ఆయన. వట్టి వాగుడుకాయ.

"లోపల మాత్రం వేలు పెట్టకు బాబూ. ఈ మొత్తం భవనంలో కదిలే వస్తువు ఇదొక్కటే. ఇది ఆగిన రోజున తాళం వేసేస్తామని పైవాళ్ళు తేల్చేశారు. అప్పుడు మేమిద్దరం రోడ్డున పడతాం," అన్నాడు గైడు.

"మరి కాపలా ఎవరూ ఉండరా బాబాయ్?"

"ఎందుకూ? ఒంటిగంటకి మేమిద్దరం భోజనానికి ఇంటికెళ్తాం. తలుపు ఊరికే దగ్గరికి వేసి పోతాం. రెండింటిదాకా ఈగ కూడా రాదు."

ఇంత వెర్రిబాగులాయన పొట్ట కొట్టాలంటే మెకానిక్కుకి మనసొప్పలేదు. అందుకని, దాని చోట తగిలించబోయే నకలు గడియారం అసలుదానికన్నా బాగా నడిచేలా చేద్దామనుకున్నాడు. పైగా చేతి పనిలో వంక ఉంటే అతనికి అన్నం సయించదు. ఎనిమిది నెలలు వంచిన తల ఎత్తకుండా చక్రాల పళ్ళు అరగదీసి, చెక్కకి పొగ పట్టించి, అచ్చుగుద్దినట్టు చేశాడు. వారమంతా నడిచినా అర నిమిషం తేడా రాదు.

ఇవాళ ఒంటిగంటకి ముసలివాళ్ళిద్దరూ కనుమరుగయ్యాక తలుపు తోశాడు. గోడ మీది గడియారం పది నిమిషాలు వెనకబడి ఉంది. ఆ వయసుకి ఆ మాత్రం నీరసం ఉంటుందిలే అనుకుని, దాన్ని సంచిలోకి దించి తనది తగిలించాడు. రెండింటి బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని, పాపం పిచ్చి ముసలాడు అని జాలిపడ్డాడు కూడా.

భోజనం నుంచి వచ్చిన గైడు తిన్నగా లోపలికెళ్ళి జడ్జిగారి కుర్చీ ఎక్కాడు. గడియారానికి చెవి ఆనించి విన్నాడు. గాజు తలుపు తీసి చక్రాలు చూశాడు. తన చేతి గడియారంతో రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"ఎలా ఉందండీ?" గుమ్మంలోంచి భార్య ఆత్రంగా అడిగింది.

"ఇంకో అయిదేళ్ళు మనకి దిగుల్లేదే," అన్నాడు గైడు తృప్తిగా కిందికి దిగుతూ. "అసలుది పట్టుకుపోయిన మొదటి దొంగ దగ్గర్నుంచి చూస్తే, ఈ నలుగురిలో ఇంత బాగా చేసి పెట్టినవాడు వీడొక్కడే."