సురేంద్ర ఇంగ్లీషు పేపరు

“ఎల్లుండి నా ఇంగ్లీషు పరీక్ష నువ్వు రాస్తే, శుభాకర్‌గాన్ని మర్సిపోతా. రాయకపోతే వాని కాళ్లు నువ్వు మర్సిపో,” అన్నాడు సురేంద్ర, జీపు దిగకుండానే.

గంగాధర్ పుస్తకాలు చంకలో పెట్టుకుని జమ్మలమడుగు బస్టాండులో నిలబడి ఉన్నాడు. వాళ్ల కాలేజీలో రెండు రకాల పిల్లలు. జీపుల్లో వచ్చేవాళ్లు, బస్సు పాసులతో వచ్చేవాళ్లు. పది రోజుల కిందట జీపు పిల్లలు బస్సు పిల్లల సద్దిగిన్నెలను తన్ని ఆడుకుంటుంటే, గంగాధర్ స్నేహితుడు శుభాకర్ సురేంద్ర చెంప పగలగొట్టాడు. ఆ సాయంత్రమే శుభాకర్ తల్లి దీవెనమ్మ కొడుకును బ్రహ్మంగారిమఠంలో మేనమామ ఇంటికి పంపేసింది. అప్పటినుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

“పట్టుకుంటే?” అన్నాడు గంగాధర్.

“ఎవురు పట్టుకునేది? సెంటర్లో అందరికీ భోజనాలు మా ఇంటినించే పోతాండాయి.”

గంగాధర్‌లాగే సురేంద్ర కూడా ఇంటరు రెండో సంవత్సరమే. మొదటి సంవత్సరం ఇంగ్లీషు మాత్రం అతని మీద మమకారంతో ఇంకా వదల్లేదు. రెండు సంవత్సరాల పరీక్షలూ రోజు విడిచి రోజు జరుగుతాయి కాబట్టి గంగాధర్ సొంత పరీక్షలకు అడ్డం లేదు.

“వాని జోలికి పోనని ఒట్టెయ్.”

“గండి ఆంజనేయస్వామి మీద ఒట్టు!”

ఆ ఇంటివాళ్ల ఒట్లు వినడం ఆ స్వామికి కొత్తేమీ కాదు. గంగాధర్‌కు మాత్రం కొత్త. నమ్మాడు.

నేరుగా దీవెనమ్మ ఇంటికి పోయాడు.

“రాజీ అయిపోయిందత్తా. నేనే మఠం పోయి వాన్ని పిల్చుకొస్తా. వాడు గూడా పరీక్షలు రాయల్ల గదా.”

“నిజమేనా నాయనా? మళ్లా ఏమీ చెయ్యరు గదా?”

“నేనుండా గదత్తా!” అన్నాడు గంగాధర్. ఆ రాత్రికే శుభాకర్‌ను మఠం నుంచి పిల్చుకొచ్చాడు.

పరీక్ష రోజు ఇన్విజిలేటరు హాల్ టికెట్టు మీది ఫొటో చూశాడు. గంగాధర్ మొహం చూశాడు. తర్వాత కిటికీలోంచి ఆకాశం చూసి, వాన వచ్చేట్టుందే అన్నాడు. బయట మార్చి నెల ఎండ మండిపోతోంది.

గంగాధర్ తన పరీక్ష కూడా అంత శ్రద్ధగా రాసి ఉండడు. సురేంద్ర పరీక్ష తప్పితే రాజీ చెడుతుందేమోనని భయం. అదనపు కాగితాలు రెండు తీసుకుని, గుండ్రటి అక్షరాలతో పన్నెండు దాకా రాశాడు.

గేటు బయట యల్లయ్య ఏడుస్తూ ఎదురొచ్చాడు. వాడూ బస్సు పిల్లాడే.

“ఒరే, శుభాకర్‌గాన్ని రాడ్లతో కొట్టినారురా! పదిన్నరకు, బస్టాండుకాడ. మొకానికి తువ్వాలు చుట్టుకున్యాడు గానీ, సురేంద్రేరా, గొంతు గుర్తుపట్టినా. రెండు కాళ్లూ ఇరగ్గొట్టినాడు. తెలివి ల్యాకుండానే ప్రొద్దుటూరు ఆసుపత్రికి ఏసుకపోయినారు.”

గంగాధర్ స్టేషనుకు పరుగెత్తాడు. దీవెనమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. ఫిర్యాదు మీద వేలిముద్ర వేసేదాకా కదలకూడదన్నారట. కొడుకును ఒక్కణ్నే ఆసుపత్రికి తీసుకుపోయారు.

“సార్, కొట్టింది సురేంద్ర!”

ఎస్సై గంగాధర్‌ను చూసి ప్రేమగా నవ్వాడు.

“ఆ పిల్లోడు తొమ్మిది నించి పన్నెండు దాకా పరీక్షలో ఉండాడప్పా. ఇన్విజిలేటరు సంతకం పెట్టి రాసిచ్చినాడు. తలకాయ గూడా ఎత్తల్యాదంట. శానా బుద్ధిమంతుడు.”

గంగాధర్ సిరా అంటిన వేళ్లను జేబులో దాచుకున్నాడు.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో తల పగిలినా, కాలు విరిగినా ముద్దాయిల కోసం పోలీసులు ఎండలో తిరిగి చెప్పులు అరగదీసుకునే పని లేదు. పేర్లన్నీ సురేంద్ర వాళ్ల పెద్దింటి నుంచి తెల్లకాగితం మీద రాసి వస్తాయి. ఆరోజూ ఒక కాగితం వచ్చింది. ఎస్సై ఆ కాగితం మడత విప్పి, దీవెనమ్మ వైపు తిరిగాడు.

“ఏమ్మా, భద్రంగా మఠంలో ఉన్నోన్ని ఈడికి పిల్చుకొచ్చినది ఎవురు?”

“ఈ గంగాధరే నాయనా. భయం ల్యాదత్తా అని నాకు చెప్పి మరీ తెచ్చినాడు. దేవునట్లాంటి పిల్లోడు,” అంది దీవెనమ్మ, అతని చెయ్యి పట్టుకుని.

ఎస్సై పెన్ను మూత తీశాడు.

“ఈ కాగితంలో ఉండేది ఒకటే పేరు, నీదే. తొమ్మిది నించి పన్నెండు దాకా నువ్వు యాడుండావో, చూసినోళ్లు ఎవురుండారో చెప్పప్పా, రాసుకుంటా.”