రెండో సాక్సు

"మడమ లేకుండా అల్లే పద్ధతి ఏదైనా ఉందా అక్కా?"

ఊలక్క పగలబడి నవ్వింది. ఆవిడ ఊలు కొట్టు వెనకగదిలో అల్లిక నేర్చుకుంటున్న మిగతా ఆడవాళ్ళూ నవ్వారు. సాక్సుల దాకా వచ్చేసరికి మడమ తిప్పడమంటే అందరికీ గుండెల్లో రాయి పడేది.

"తప్పించుకుందామనా? నా దగ్గర ఆ పప్పులు ఉడకవు!"

అడిగినావిడ ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. మాట తక్కువ. ఊలక్కకి మాట ఎక్కువ కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది. కప్పు కింద వేసుకునే చిన్న చతురస్రంతో మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పి అల్లడం, టోపీ కొస మూయడం వరకూ నేర్చుకుంది. ఆ కొస మూయడమే మళ్ళీ మళ్ళీ చూపించమనేది. మూసిన చోటు బుగ్గకి రాసుకుని, "ముడి ఇంకా తగులుతోందక్కా," అని విప్పేసేది.

"టోపీ కొస ఎవరికి తగులుతుందమ్మా, పైనున్న గాలికా?" అని ఊలక్క ఏడిపించేది.

మడమ కూడా పట్టుబట్టి నేర్పింది. మొదటి సాక్సు ముచ్చటగా వచ్చింది. బైండింగావిడ ఆ మడమని బొటనవేలితో నిమురుతూ కూర్చుని, కళ్ళు తుడుచుకుంది.

"ఏడ్చేంత కష్టపెట్టానా తల్లీ?"

"లేదక్కా. సోమవారం పాప మళ్ళీ బడికెళ్ళాలి. వెళ్ళనని ఒకటే ఏడుపు. నేను అల్లినవి వేస్తే వెళ్తానంది."

"ఏం, జ్వరమా?"

"ఒంట్లో బాగోలేదు," అని ఆవిడ తల దించుకుంది.

శనివారం రెండోది తెచ్చింది. అదే నీలం ఊలు, అదే అల్లిక. కానీ మడమ లేదు. పొట్టిగా, టోపీలా గుండ్రంగా మూసేసి ఉంది.

"ఒకటి అయ్యేసరికే ఓపిక అయిపోయిందా?"

"ఇది ఇలాగే కావాలక్కా. పాపకి..."

"సాకులు చెప్పకు. రెండో సాక్సు దగ్గర అందరిదీ ఇదే రోగం. రెండూ ఇక్కడ పెట్టి వెళ్ళు. తడిపి, ఆరబెట్టి, ఆకారం తెప్పిస్తాను."

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఊలక్క అప్పటికే ఇంకొకరి సూదులు సరిచేస్తోంది.

ఊలక్కకి నోరు పెద్దదేగాని మనసు వెన్న. ఆ సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి, రెండోదాన్ని విప్పడానికి కూర్చుంది. కొస ముడి ఎక్కడుందో వేలికి అందలేదు. అంత నున్నగా మూసింది. ఇంత పనితనం ఉండి మడమకి బద్ధకమేమిటని విసుక్కుంటూ మొత్తం విప్పేసింది. మళ్ళీ మొదటినుంచీ అల్లి, మడమ తిప్పి, జత కలిపింది.

ఆదివారం పొద్దున్నే ఆ జతని కాగితంలో చుట్టుకుని తనే వాళ్ళింటికి వెళ్ళింది. బైండింగావిడ ముఖం ఎలా వెలిగిపోతుందో తలుచుకుంటూ తలుపు తట్టింది.

"ఎవరూ?" లోపలినుంచి చిన్న గొంతు. "అమ్మ ఊలు కొట్టుకి వెళ్ళింది."

"ఆ కొట్టే నడిచి వచ్చిందమ్మా! నీ సాక్సులు తెచ్చాను. రెండూ అచ్చం ఒక్కలాగే ఉన్నాయి, చూద్దువుగాని."



"వస్తున్నా. కొంచెం ఆగండి అత్తయ్యా, నాకు ఆలస్యమవుతుంది."

ఊలక్క కాగితం విప్పి, రెండు సాక్సులూ చేతుల్లో పట్టుకుని నవ్వుతూ నిలబడింది. గడియ తీసిన చప్పుడైంది.

పాపకి ఒకటే పాదం ఉంది.